ఆరో మోతాదు

నేను పుట్టు పిరికివాణ్ణి. వినయం కోసం చెబుతున్న మాట కాదిది. చిన్నప్పుడు బోదె కాలువ మీద అడ్డంగా వేసిన తాటిదుంగ దాటలేక, మైలు దూరం చుట్టూ తిరిగి వంతెన మీంచి బడికి వెళ్ళినవాణ్ణి. పెద్దయ్యాక కంపౌండరు పనిలో చేరడానికి కూడా భయమే కారణం. డాక్టరయితే రోగిని ముట్టుకోవాలి, కోయాలి, పోతే ఇంటివాళ్ళకు ఆ మాట చెప్పాలి. కంపౌండరుకి ఒక గది, ఒక కిటికీ, ఆ కిటికీకి ఇనప ఊచలు. ఊచలకు ఇవతల ఉంటాను కదా, నా జోలికి ఏదీ రాదనుకున్నాను.

మాది రాజోలు తాలూకాలో కాలువ గట్టు మీద ఉన్న చిన్న ఆసుపత్రి. మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న రోజులవి. డాక్టరమ్మగారు ఒక్కరే మొత్తం చూసుకునేవారు. మద్రాసులో చదువుకుని వచ్చిన మనిషి. మాట తక్కువ, కోపం ఇంకా తక్కువ. కేకలేసే వాళ్ళ దగ్గరైతే ఎక్కడ తప్పుకోవాలో తెలుస్తుంది. ఆవిడ దగ్గర తెలిసేది కాదు, అందుకని ఆవిడంటే నాకు హడలు.

ఒకరోజు ఆవిడ నన్ను పిలిచి, ఇకమీదట పరీక్ష ప్యాసవకుండా ఎవరూ మందులు కలపకూడదని చట్టం వచ్చిందని చెప్పారు. అమలాపురం, కొత్తపేట వైపు నుంచి కూడా కలిపి ఏడుగురు మన దగ్గర చదువుకుంటామంటున్నారట. రోగాల సంగతి ఆవిడ చెబుతారట. శరీరంలో ఏ భాగం ఎలా పనిచేస్తుంది, దాని మీద ఏ మందు ఎలా పనిచేస్తుంది, ఇవి నేను చెప్పాలట.

"నేనాండి?" అన్నాను.

"ఇంకెవరున్నారండి?" అన్నారు ఆవిడ, కాగితాల మీంచి తలెత్తకుండానే.

సోమ, బుధ, శుక్రవారాల్లో పదిగంటలకు, వెనక వరండాలో క్లాసు. నేను పరీక్ష ప్యాసయి ఐదేళ్ళయింది. ఆ పరీక్షకు చదివిందంతా బట్టీ. గుండెకు నాలుగు గదులని పుస్తకం చెప్పింది, నేను నమ్మాను, అంతే. ఇప్పుడు ఏడు మొహాలు నా వైపు తిరిగి కూర్చుంటే ఆ నాలుగు గదుల్లో ఏది ఎటో చెప్పాలి. మొదటిరోజు నేను గీసిన గుండెను చూసి ఒకావిడ, "అది పనసతొనాండి?" అని అడిగింది. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను కానీ, నా వీపు తడిసిపోయింది.

అందరిలోకీ నన్ను ఎక్కువ భయపెట్టినవాడు ముందు బల్ల మీద కూర్చునే మిలటరీ ఆయన. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. యుద్ధంలో మందులపెట్టె మోసి, తెగిన కాళ్ళూ చేతులూ కట్టి వచ్చిన మనిషి. నేను పుస్తకంలో చూసినవి ఆయన కళ్ళారా చూశాడు. ఎగతాళి చేసే రకం కాదు. నిటారుగా కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసుకుని, చివర్లో ఒక్క ప్రశ్న వేసేవాడు. ఆ ఒక్క ప్రశ్నా వచ్చేదాకా నాకు ఊపిరాడేది కాదు.

మా దగ్గర అస్థిపంజరం లేదు, పటాలు లేవు. మాంసం కొట్టు నుంచి మేక గుండె తెప్పించి, అరిటాకులో పెట్టి కోసి చూపించాను. కవాటాలు చూపిస్తే ఎవరికీ అర్థం కాలేదు. చివరికి వాకిట్లో పారే కాలువే నన్ను గట్టెక్కించింది. మా సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు, చేలోకి నీళ్ళు తెచ్చే పంట కాలువ వేరు, చేలోంచి నీళ్ళు లాక్కుపోయే మురుగు కాలువ వేరు. మంచి రక్తం పంట కాలువ, చెడ్డ రక్తం మురుగు కాలువ అన్నాను. కవాటాలు, కాలువలో పడవల్ని ఆపి వదిలే లాకు తలుపులన్నాను. ఒకవైపు నీటి ఒత్తిడికే మూసుకుంటాయి, పడవ వెనక్కి రాలేదు. "ఆయ్, తెలిసిందండి" అన్నారు ఏడుగురూ ఒక్కసారే. నా జీవితంలో అంత సుఖమైన నిమిషం అంతకుముందు లేదు. దాంతో క్లాసు బాగా చెప్పాలనే పిచ్చి పట్టుకుంది. భయానికి ఆ పిచ్చి తోడయ్యేసరికి నా అసలు పని మీద మనసు పలచబడింది. అది అప్పుడు నాకు తెలియలేదు.

ఇక ఆ సోమవారం సంగతి. శ్రావణమాసం, గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఆరోజు క్లాసులో మూత్రపిండాలు చెప్పాలి, నాకు సగమే తలకెక్కింది. కిటికీ దగ్గర పుస్తకం తెరిచి పెట్టుకుని ఒక కన్ను దాని మీద, ఒక కన్ను మందుల మీద వేసి పనిచేస్తున్నాను. పది గంటలకు పావుగంట ఉందనగా ఆఖరుగా ఒకావిడ వచ్చింది. దిండి వైపు లంకలో కొబ్బరిపీచు తాడు పేనుకుని బతికే మనిషి. జ్వరం పడి లేచాక నీరసం, నిద్ర పట్టకపోవడం. డాక్టరమ్మగారు చీటీ మీద రెండు మందులు రాశారు. ఒకటి నీరసానికి స్ట్రిక్నిన్ చుక్కలు వేసిన టానిక్కు. అంటే విషముష్టి గింజలోంచి తీసిన మందు, చుక్కల లెక్కన బలం, ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. రెండోది నిద్రకు బ్రోమైడు.

ఆ రోజుల్లో సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఆవిడ ఒక్కటే తెచ్చింది.

"రెండోది లేదండి. పడవెక్కి వెళ్ళి మళ్ళీ తేవాలంటే పొద్దుపోద్దండి" అంది.

గడియారం చూశాను. వెనక వరండాలో బల్లలు జరుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. మిలటరీ ఆయన దగ్గు వినిపించింది. రెండు మందులూ ఒకే సీసాలో పోసేశాను. రెండూ నీళ్ళలా తేటగానే ఉన్నాయి, కలిశాక కూడా తేటగానే ఉన్నాయి. కాగితం మడిచి, అంచులు కత్తిరించి, ఆరు మోతాదులకు గుర్తులు పెట్టి, పైన "ఊపి తాగవలెను" అని రాసి సీసాకు అంటించాను. రోజుకు మూడుసార్లు తిండయ్యాక ఒక్కో గుర్తు దాకా తాగమన్నాను. "ఊపి తాగండి" అని కూడా అన్నాను. కానీ అన్నప్పుడు నా కళ్ళు మూత్రపిండాల బొమ్మ మీద ఉన్నాయి. ఆవిడ విందో లేదో చూడలేదు.

మూత్రపిండాల క్లాసు బాగా జరిగింది. ఆరోజు మిలటరీ ఆయన ప్రశ్న కూడా వేయలేదు.

బుధవారం నాడులు, వెన్నుపాము, వాటి మీద పనిచేసే మందులు. మళ్ళీ లాకునే ఆశ్రయించాను. లాకు దగ్గర లస్కరు ఉంటాడు కదా, ఒకసారికి ఒక పడవనే వదులుతాడు. వెన్నుపాములో కూడా అలా ఆపేవాడు ఉన్నాడనుకోండి, కాలి వేలికి ముల్లు గుచ్చుకుంటే కాలు మాత్రమే వెనక్కి లాక్కుంటాం, ఒళ్ళంతా ఎగిరిపడదు. స్ట్రిక్నిన్ ఎక్కువైతే ఆ లస్కరు లేనట్టే. తలుపు చప్పుడయినా, గాలి తగిలినా, ఎవరు ముట్టుకున్నా ఒంట్లో ఉన్న కండలన్నీ ఒక్కసారే బిగుసుకుంటాయి. దవడ కరుచుకుపోతుంది, నడుము విల్లులా లేస్తుంది. చివరికి ఊపిరి తీసే కండలు కూడా బిగిసిపోతాయి. అన్నిటికన్నా ఘోరం, ఆఖరిదాకా మనిషికి తెలివి ఉంటుంది. బ్రోమైడు దీనికి ఎదురు, అది నాడుల్ని జోకొడుతుంది.

చాలా బాగా చెప్పానని నాకే అనిపించింది. ఏడుగురూ కదలకుండా విన్నారు. అప్పుడు మిలటరీ ఆయన చెయ్యెత్తాడు.

"ఒక అనుమానమండి. ఒకటి లేపేది, ఒకటి జోకొట్టేది. రెండూ ఒకే సీసాలో పోస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయాండి?"

జవాబు నాకు తెలుసు. పరీక్షకు బట్టీ పట్టిన పేజీలో, కింది నుంచి మూడో వాక్యం. నోరు దానంతటదే తెరుచుకుని ఆ వాక్యం మొదలుపెట్టింది. "కొట్టేసుకోవండి. స్ట్రిక్నినూ బ్రోమైడూ ఒకే సీసాలో కలవకూడదు. కలిసినప్పుడు తేటగానే కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో స్ట్రిక్నిన్ రవ్వగా మారి అడుగుకు దిగుతుంది. ఊపకుండా తాగితే, ఆఖరి మోతాదులో మొత్తం..."

అక్కడ ఆగిపోయాను.

భయపడితే ఒంట్లో ఏమవుతుందో అంతకుముందు వారమే వాళ్ళకు చెప్పాను. నోరెండిపోతుంది, గుండె పరిగెడుతుంది, అరచేతులు చల్లబడతాయి, కడుపులో పని ఆగిపోతుంది. అన్నీ వరసగా నాకు జరిగాయి. బల్ల అంచు పట్టుకున్నాను. సోమవారం ఆవిడ నీరసంతో నడిచి, పడవ కోసం కాసుకుని ఇంటికి వెళ్ళేసరికి పొద్దుగూకుతుంది, కనక రాత్రికి ఒక మోతాదు. మంగళవారం మూడు, నాలుగయ్యాయి. ఇవాళ పొద్దున్న ఐదోది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆరోది. గడియారం పదిన్నర దాటింది.

"ఏమైందండి?" అన్నాడు మిలటరీ ఆయన.

దాచుకోవాలన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది. కానీ ఆ లంకకు దారి నాకు తెలియదు, ఆయనది ఆ పక్క ఊరే. "సోమవారం నేను అలాగే కలిపి ఇచ్చేనండి" అన్నాను.   ఆయన పుస్తకం మూసి లేచి, "సైకిలుందాండి మీకు?" అన్నాడు.

డాక్టరమ్మగారు కాన్పు గదిలో ఉన్నారు, తలుపు లోపల గడియ వేసి ఉంది. తలుపు కొట్టడానికి కూడా ధైర్యం చాలలేదు. విషాన్ని పీల్చే బొగ్గుపొడి పొట్లం, ఈడ్పులొస్తే వేయడానికి మత్తుమందు సీసా, ఒక ఖాళీ సీసా సంచిలో వేసుకుని బయల్దేరాను. కాలువ గట్టు వానకు బురదయింది. ఆయన సైకిలు ముందు, నాది వెనక. దారి పొడుగునా నా తలలో లెక్క ఒకటే. ఆవిడ ఊపి తాగి ఉంటే ప్రమాదమే లేదు. ఊపకపోతే ఆరు మోతాదుల విషం అడుగున ఉంటుంది. పెద్ద మనిషి కనక తట్టుకుంటుందేమో. ఈడ్పులు రావచ్చు, ఒకవేళ తట్టుకోలేకపోతే? జ్వరంతో చిక్కిన మనిషి. ఈ "ఏమో"లతోనే ఆరేడు మైళ్ళు తొక్కాను. ఎక్కడో ఒకచోట సైకిలు దిగి ఏడ్చేద్దామనిపించింది. ముందున్న ఆయన వెనక్కి తిరగలేదు కాబట్టి నేనూ ఆగలేదు.

రేవు దగ్గర గోదావరి ఎర్రగా, వెడల్పుగా, చెట్లూ చెత్తా మోసుకుంటూ పోతోంది. పెద్ద పడవ అవతల ఒడ్డున ఉంది. ఇవతల ఉన్నది ఒకే ఒక దోనె, తాటిమాను తొలిచి చేసినది. చిన్నప్పుడు నేను దాటలేకపోయిన దుంగే తొలుచుకుని వచ్చి నా కోసం కూర్చున్నట్టుంది. దోనె మనిషి ఆకాశం చూసి, నీళ్ళు చూసి, "ఇప్పుడొద్దండి, ఉరవడి తగ్గేకా" అన్నాడు.

"అప్పటికి అన్నాలు తినేస్తారండి" అన్నాను. అతనికి ఏమీ అర్థమై ఉండదు. నా మొహం చూసి మాత్రం ఏదో అర్థమైంది, గెడ అందుకున్నాడు. మిలటరీ ఆయన ముందు కొసన కూర్చున్నాడు. నేను దోనె మధ్యలో కూర్చుని రెండు అంచులూ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. దాటినంతసేపూ తెరవలేదు.

లంకలో ఆవిడ ఇల్లు తాటాకుల పాక. పీచు ఆరబెట్టిన వాకిట్లోంచి పరిగెత్తాను. గుమ్మంలో ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ కాళ్ళ మధ్య మూడేళ్ళ పిల్ల, చిక్కిపోయి, కళ్ళు మాత్రం పెద్దవిగా. ఆవిడ ఎడంచేత్తో పిల్ల ముక్కు మూసి, కుడిచేత్తో ఉగ్గుగిన్నె నోటికి పెడుతోంది. పక్కన నా సీసా, ఖాళీ.

అరవబోయాను. అరుపు ఆపుకున్నాను. విషం లోపలికి పోయి ఉంటే చిన్న చప్పుడు చాలు, ఒళ్ళు బిగుసుకుపోవడానికి. గంటన్నర కిందట నేనే చెప్పాను. మునివేళ్ళ మీద వెళ్ళి, ఆవిడ చేతిలోంచి ఉగ్గుగిన్నె మెల్లిగా తీసుకున్నాను. అడుగున ఉప్పురవ్వ లాంటి తెల్లటి మడ్డి మెరుస్తోంది.

"అయ్యో, కంపౌండరుగారండీ! మీరొచ్చేరేంటండి?" అంది ఆవిడ.

"ఎంత పోశావమ్మా పిల్లకి?" అన్నాను గుసగుసగా.

"పోయనిస్తే గదండీ. చేదని ఉమ్మేసింది. ముక్కు మూసి మళ్ళీ పోద్దామంటే మీరొచ్చేరు."

"ఈ మందు నీదమ్మా, పిల్లకెందుకు పోస్తున్నావు?"

"నేను పైన తేట తాగేనండి ఐదుసార్లు. బాగా నిద్దర పడతంది, ఆయ్. ఇదేమో బలం లేక నడవట్లేదు. అడుగున చిక్కటిదుంది కదా, అదే బలం గదండీ, అది దీనికిద్దామని ఆపేను."

"ఊపి తాగమన్నాను కదమ్మా."

"ఊపితే మడ్డి పైకొచ్చేస్తాది గదండీ" అంది, మీకు ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

గుమ్మం పక్కన నీళ్ళ కుండ ఉంది. తడి ఇసకలో, చల్లగా, కదలకుండా. దాని పక్కనే ఇసకలో గుండ్రటి గుంట, నా సీసా సోమవారం రాత్రి నుంచి కూర్చున్న చోటు. ఎర్రనీరు వచ్చినప్పుడు మా వైపు ప్రతి ఇంట్లోనూ చేసేదే ఆవిడ చేసింది. చిల్లగింజ అరగదీసి నీళ్ళలో కలిపి, కుండ కదపకుండా ఉంచి, బురద దిగాక తేట తాగుతాం. కుండ కదిపితే పిల్లల్ని కసురుతాం. మా అమ్మ నన్ను కసిరేది. గంజి అయితే తేట పెద్దవాళ్ళు తాగి, అడుగున చిక్కటిది పసిపిల్లలకు పోస్తాం. నేను కూడా అలా పెరిగినవాణ్ణే. చిల్లగింజకీ విషముష్టి గింజకీ దాయాదిత్వమని పుస్తకంలో చదివి కూడా, మా వాళ్ళు ఏ సీసానైనా ఊపరన్న సంగతి నాకు తట్టలేదు. సీసా మీద రాసిన ముక్కను నమ్ముకున్నాను. ఆవిడకు చదవడం రాదు.

ఉమ్మేసిందంటే మొత్తం ఉమ్మేసిందా, కొంత పోయిందా? ఎవరు చెప్పగలరు? బొగ్గుపొడి బెల్లపునీళ్ళలో కలిపి, బతిమాలి తాగించాను. పిల్ల పెదాలూ గడ్డమూ నల్లబడ్డాయి. మిలటరీ ఆయన వాకిట్లో నిలబడి, వచ్చే పోయే వాళ్ళను చప్పుడు చేయవద్దని చేత్తోనే సైగ చేస్తున్నాడు. నేను పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాను. దవడ చూస్తున్నాను, మెడ చూస్తున్నాను, కాలివేళ్ళు చూస్తున్నాను. కాకి అరిచింది, పిల్ల ఉలిక్కిపడింది. నా ప్రాణం పోయింది. అది మామూలు ఉలికిపాటా, కాదా? పసిపిల్ల ఎంత ఉలిక్కిపడటం మామూలో ఏ పుస్తకంలోనూ రాయలేదు. అంతవరకు నేను చెప్పిన వెన్నుపాము, నాడులు, కండలు అన్నీ బల్ల మీద సుద్దగీతలు. ఇప్పుడవి ఈ పిల్ల ఒంట్లో, ఈ సన్నటి మెడలో ఉన్నాయి. దేవుడా, నా కాళ్ళూ చేతులూ తీసుకో, ఈ పిల్ల దవడ మాత్రం బిగియనివ్వకు అని మొక్కుకున్నాను.

గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. పిల్ల నా సంచి లాగి, అందులోని ఖాళీ సీసా మూత తీసి నోట్లో పెట్టుకోబోయింది. తీసుకుంటే కెవ్వున ఏడ్చింది. నోరు పూర్తిగా తెరిచి, నల్లటి నాలుక బయటపెట్టి, గుండెలవిసేలా ఏడ్చింది. ఆ నోరు అంత వెడల్పుగా తెరుచుకోవడం చూసి నేనూ ఏడ్చాను.

ఉగ్గుగిన్నెలో మిగిలింది ఆవిడ సీసాలోనే పోసుకుని, దానికి బదులు నేను తెచ్చిన ఖాళీ ఆసుపత్రి సీసా ఇచ్చాను. "మందు మారింది. సోమవారం రండి, రెండు సీసాలు తెండి" అన్నాను. అంతే అన్నాను. ఆవిడ దోనె దాకా వచ్చి నాలుగు కొబ్బరి బొండాలు లోపల పెట్టింది. "మందిచ్చి ఊరుకోకుండా, ఇంత వరదలో ఇంటికొచ్చి చూసేరు. ఇలాంటోళ్ళు ఉంటారాండి?" అని దోనె మనిషికి చెప్పింది. నేను తల వంచుకుని కూర్చున్నాను. తిరిగి వచ్చేటప్పుడు గోదావరి అంటే భయం వేయలేదు, దాని వంక చూడనే లేదు.

డాక్టరమ్మగారికి సాయంత్రమే చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు. "పిల్ల బాగుందా?" అన్నారు. బాగుందన్నాను. "ఇది బయటికి పోనివ్వకండి. ఇప్పుడిప్పుడే జనం ఆసుపత్రికి వస్తున్నారు. వింటే మళ్ళీ ఎవరూ రారు" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పకుండా ఉండటానికి పెద్దవాళ్ళే అనుమతిచ్చారు కదా.

శుక్రవారం క్లాసులో ఆ సీసా బల్ల మీద పెట్టాను. కనీసం వాళ్ళకైనా చూపించాలనిపించింది. అడుగున తెల్లరవ్వ అందరికీ కనిపించింది. "ఇది నా చేతి పని" అన్నాను. ఇంకెప్పుడూ ఇలా జరగకుండా ఏం చేయాలో చెప్పాను. రెండు మందులకు రెండు సీసాలు, ఊపడం నోటితో చెప్పడం కాదు, రోగి చేత ఊపించి చూడటం. ఏడుగురూ రాసుకున్నారు. చివర్లో మిలటరీ ఆయన చెయ్యెత్తాడు.

"ఆవిడకి చెప్పేరాండి?"

"లేదండి. డాక్టరమ్మగారు వద్దన్నారు."

"ఆయ్. అయితే తప్పు జరిగితే రోగికి చెప్పక్కర్లేదన్నమాటండి. అది కూడా రాసుకోమంటారా?"

ఆయన వెటకారంగా అనలేదు. పెన్సిలు కాగితం మీద ఆనించి నిజంగానే ఎదురుచూస్తున్నాడు. ఏడు పెన్సిళ్ళూ ఎదురుచూస్తున్నాయి.  క్లాసు ముందే వదిలేశాను.

సోమవారం ఆవిడ వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో రెండు సీసాలు. వరసలో ఉన్నవాళ్ళకు వాటిని ఎత్తి చూపిస్తూ, "ఒకటి ఆసుపత్రిదండి, ఒకటి మా తోటికోడలిదండి. కంపౌండరుగారు రెండు తెమ్మన్నారు. మా ఇంటికి కూడా వచ్చేరండి, ఆయ్" అని చెబుతోంది. వాళ్ళు నా వంక గౌరవంగా చూస్తున్నారు. ఆ చూపులు భరించలేకపోయాను. డాక్టరమ్మగారి గది తలుపు తెరిచే ఉంది. నా గొంతు అక్కడికి వినిపిస్తుందని తెలుసు. ఊచలు పట్టుకుని చెప్పాను.

"అమ్మా, వెళ్ళిన సోమవారం నీకు మందు తప్పు కలిపేను. కలపకూడని రెండూ కలిపేను. నీ తప్పేం లేదు. అడుగున ఉన్నది విషం. పిల్ల అది మింగి ఉంటే బతికేది కాదమ్మా. అందుకే వచ్చేను."

 ఆవిడ పిల్లను చంక దింపి తన వెనక్కి నెట్టుకుంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మరి ఆరోజు చెప్పలేదేమండి?"

"భయమేసిందమ్మా."

"ఇప్పుడెయ్యట్లేదా?"

"వేస్తోందమ్మా."

 వెనక ఎవరో ఏదో గొణిగితే ఆవిడ చేత్తో ఆపింది. "ఇవాళ మందెవరు కలుపుతారండి?" అని అడిగింది.

"నేనేనమ్మా. ఇంకెవరూ లేరు."

ఆవిడ రెండు సీసాల వంకా చూసుకుంది. పట్టుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోతే బాగుండుననీ అనుకున్నాను. ఒకటి తర్వాత ఒకటి ఊచల మధ్యలోంచి లోపలికి తోసింది.

"అయితే అలా భయపడతానే కలపండి" అంది.

తర్వాత చాలా ఏళ్ళు చాలామందికి ఆ పాఠాలు చెప్పాను. నాడుల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మాటే ముందు చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం నాకు ఏ పాఠమూ గుర్తు లేదు. అయిదు నిమిషాల పనికి అరగంట పట్టింది. ప్రతి చుక్కా రెండుసార్లు లెక్కపెట్టాను. ఆవిడ ఊచలు పట్టుకుని, రెప్ప వేయకుండా నా చేతుల వంకే చూస్తూ నిలబడింది. పిల్లను మాత్రం కిటికీకి దూరంగా, గుమ్మం అవతల కూర్చోబెట్టింది.